అరవై మూడో కొక్కెం

సంతకం పెట్టమంటే సారంగపాణి పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. బల్లకు అటువైపు కూర్చున్న ప్రిన్సిపాల్ సుజాత మేడం ఆ మూత ఆట కాసేపు చూసి, విసుగొచ్చి, “ఏంది పాణి గారూ, పెన్ను రాస్తలేదా?” అని తన పెన్ను అందించింది.

పెన్ను లక్షణంగా రాస్తోంది. రాయనంటున్నది సారంగపాణి చెయ్యి.

కాగితం మీద ఉన్నదల్లా ఒక్క ముక్క. ‘లోపల మనుషులెవరూ లేరు. బిళ్ళలన్నీ బోర్డు మీద ఉన్నాయి.’ దాని కింద ల్యాంప్ రూం అటెండరు సంతకానికి చోటు. ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ సాయంత్రం రిజిస్టర్లో ఇదే ముక్క రాసి, ఇదే సంతకం గిలికి ఇంటికి పోయే మనిషికి ఇది ఒక లెక్కా? కానీ ఇది ఆఖరి కాగితం. సోమవారం సాయంత్రం నాలుగింటికి ఇసుక లారీలు వస్తాయి. కాలేజీ వెనక గుట్ట కిందున్న చిన్న బాయిని, అదే పాఠాలకని తవ్విన గనిని, ఇసుకతో నింపి, నోరు మూసి, పైన సిమెంటు వేస్తారు. ఆ తర్వాత లోపల ఎవరున్నారో లేరో దేవుడు కూడా చూడలేడు. అదే నెలాఖరుకు సారంగపాణి కూడా రిటైరు.

“కండ్లజోడు తేలేదు మేడం. సోమవారం పెడత” అన్నాడు.

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. మేడం దాన్ని చూసింది, అతన్ని చూసింది, కాగితం సొరుగులో పెట్టింది. సారంగపాణి బయటికొచ్చి వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. ఫిబ్రవరి నెలలో చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

ఆ కాలేజీ గురించి కొంచెం చెప్పుకోకపోతే ఈయన చెమట ఎవరికీ అర్థం కాదు.

రాళ్లవాగు మైనింగ్ కాలేజీ అంటే ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. గుర్రాల కాలేజీ అనండి, బస్సులో కండక్టరు కూడా నవ్వి టికెట్టు కొడతాడు. బాయిల్లో బొగ్గు డబ్బాలను గుర్రాలు లాగిన కాలంలో కట్టిన కొట్టం అది. యంత్రాలొచ్చి గుర్రాలు పోయాక, ఖాళీ కొట్టంలో బల్లలు వేసి పనివాళ్ళకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత యూనివర్సిటీ దాన్ని తీసుకుని, ముందు ఒక కమాను కట్టి, పెద్ద పేరు రాయించింది. పేరు కమాను మీదే ఉండిపోయింది. గుర్రాలను కట్టేసిన ఇనుప రింగులు క్లాసు గోడలకు ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలు వాటికి సంచులు తగిలిస్తారు. ప్రిన్సిపాల్ గది ఒకప్పుడు దాణా గది. వానాకాలం నాలుగు చినుకులు పడితే చాలు, ఫైళ్ళ మధ్యనుంచి ఉలవల వాసన. సీనియర్లు జూనియర్లను ‘పిల్ల గుర్రం’ అని పిలుస్తారు. పెద్ద పెద్ద బాయిలకు మేనేజర్లయినవాళ్ళు కూడా ఎప్పుడైనా వస్తే, “మేం గుర్రాలం” అని ఛాతీ విరుచుకుని చెప్పుకుంటారు. అదేం పొగరో మరి!

చదువు నేర్పడానికి గుట్ట కింద తవ్విందే చిన్న బాయి. రెండు వందల గజాల సొరంగం, మధ్యలో ఎడమకు ఒక కొమ్మ, ఆ కొమ్మ చివర గాలి పోయే దారి, ఆ దారిలో పైకి ఎక్కడానికి ఇనుప నిచ్చెన. దిగేముందు ల్యాంప్ రూంలో దీపం తీసుకోవాలి, బోర్డు మీద నీ నంబరు కొక్కెం నుంచి ఇత్తడి బిళ్ళ తీసి జేబులో వేసుకోవాలి. పైకొచ్చాక బిళ్ళ తెచ్చి మళ్ళీ నీ చేత్తో నువ్వే తగిలించాలి. పక్కవాడి చేతికిచ్చి పంపడం కుదరదు. తగిలించేటప్పుడు సారంగపాణి అడుగుతాడు: “బయటికొచ్చినవా?” వాడు “వచ్చిన” అనాలి. అవతలివాడు గోల్డు మెడలిస్టు కావొచ్చు, యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు కావొచ్చు, ఆ జవాబు చెప్పందే సారంగపాణి పక్కకు జరగడు. బోర్డు నిండితే అందరూ బయట ఉన్నట్టు. ఒక్క కొక్కెం ఖాళీగా ఉంటే ఒక మనిషి లోపల ఉన్నట్టు.

బోర్డు మీద నూట ఇరవై కొక్కేలు. అందులో అరవై మూడో కొక్కేనికి మాత్రం నంబరు లేని నున్నటి బిళ్ళ వేలాడుతుంది. ఆ నంబరు ఇరవై ఆరేళ్ళుగా ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకని అడిగితే సారంగపాణి “అది పోయిన నంబర్” అని కసురుకునేవాడు. అడిగినవాళ్ళు ఊరుకుంటారా? అది బాయిలో చచ్చిపోయిన గుర్రం నంబరని ఒక బ్యాచ్ పుట్టించింది. ఆ గుర్రానికి మొక్కితే సబ్జెక్టులు గట్టెక్కుతాయని తర్వాతి బ్యాచ్ కనిపెట్టింది. అప్పటినుంచి పరీక్షలొచ్చాయంటే ఆ కొక్కేనికి బంతిపూలు, నిమ్మకాయలు, ఒకసారి ఏకంగా కొబ్బరి చిప్ప.

ఆ గురువారం కూడా, సంతకం పెట్టకుండా తప్పించుకుని సారంగపాణి ల్యాంప్ రూంలోకి వచ్చేసరికి ఇద్దరు పిల్ల గుర్రాలు అరవై మూడుకు అగరుబత్తి తిప్పుతున్నారు.

“పాణి కాకా, బాయి మూస్తే మన గుర్రం దేవుడెట్ల? బోర్డు గుడ ఇసుకల పూడుస్తరా?” అన్నాడొకడు.

సారంగపాణి పొగ పోతున్న ఆ నున్నటి బిళ్ళ వైపు చూశాడు. అది దేవుడూ కాదు, గుర్రమూ కాదు. అది ఆయన ఆడిన అబద్ధం. ఏళ్ళ తరబడి దానికి పిల్లలు పూలు పెడుతుంటే పక్కన నిలబడి చూస్తున్నాడు. ఇక చాలనిపించింది. గిరుక్కున తిరిగి నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, “మేడం, ఆ కాగితం మీద రాసింది నిజమో కాదో నాకు తెల్వదు” అన్నాడు.

సుజాత మేడం ఫైలు మూసింది. “కూర్చోండి” అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

తొంభై ఎనిమిది ఆగస్టు. ఫస్టియరు పిల్లలు మొదటిసారి బాయి దిగిన రోజు. మొదటి రోజున గుర్రాల కాలేజీలో చీకటి పాఠం ఉంటుంది. సొరంగం మధ్యలో పిల్లల్ని నిలబెట్టి, అందరి దీపాలూ ఆర్పించి, నూరు దాకా లెక్కపెట్టమంటారు. అసలు చీకటంటే ఏమిటో తెలిస్తేగాని దీపం విలువ తెలియదని అప్పటి ఇన్‌స్ట్రక్టరు రామకృష్ణ సారు నమ్మకం. పాఠం అయింది, పిల్లలు బిలబిలా పైకొచ్చి బిళ్ళలు తగిలించి పోయారు. ఆ రోజు సారంగపాణి బుద్ధి బిళ్ళల మీదా లేదు, దీపాల లెక్క మీదా లేదు. కొత్తగా కాపురానికొచ్చిన భార్య నాంచారమ్మను ఫస్ట్ షోకు తీసుకుపోతానని మాటిచ్చాడు. ఆమె తల్లో పూలు పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. చూస్తే అరవై మూడు ఖాళీ! కొత్త పిల్లలు బిళ్ళ జేబులోనే వేసుకుని హాస్టలుకు పోవడం మామూలే, రేపొద్దున చెవి మెలిపెట్టి తెప్పించవచ్చు అనుకున్నాడు. “పాణీ, బోర్డు నిండిందా?” అని రామకృష్ణ సారు వరండాలోంచి కేకేశాడు. సారంగపాణి సొరుగులోంచి నంబరు కొట్టని బిళ్ళ ఒకటి తీసి అరవై మూడుకు తగిలించి, “నిండింది సార్” అన్నాడు.

“ఆ రాత్రి ఎడమ కొమ్మ కప్పు కూలింది మేడం. పొద్దున ఆ పోరడు క్లాసుకు రాలే, హాస్టల్ల లేడు. ఏటా ఇద్దరు ముగ్గురు ఇంటికి పారిపోతరు, గట్లనే పోయిండని వార్డెన్ అన్నడు. రామకృష్ణ సారు నన్ను మళ్ళొకసారి అడిగిండు. పాణీ, నిన్న బోర్డు నిండింది గదా అని. అవ్ సార్ అన్న.” సారంగపాణి కళ్ళజోడు తీసి పట్టుకున్నాడు. “మొదటిసారి సిన్మా కోసం అబద్ధమాడిన. రెండోసారి నౌకరి కోసం. నా మాట మీదనే నాలుగు దినాలల్ల ఆ కొమ్మకు అడ్డంగ గోడ కట్టిన్రు.”

మేడం కుర్చీ ముందుకు జరుపుకుంది.

“తర్వాత ఎవరూ రాలేదా?”

“వచ్చిండు మేడం. ఇరవై రోజులకు వాళ్ళ నాయన వచ్చిండు. గేటు కాడ కొడుకు ట్రంకుపెట్టె ముందల పెట్టుకొని, ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకొని కూసున్నడు. గంటసేపు. నేను ల్యాంప్ రూం కిటికీలకెల్లి చూసిన. పోయి ఒక్కమాట అడిగేటందుకు నాకు ధైర్యం చాలలే.”

సుజాత మేడం ముఖం ఎర్రబడింది. ఆమె మామూలుగా కోపం తెచ్చుకునే మనిషి కాదు. “ఇరవై ఆరేళ్ళు! ఒక్కరోజన్న పోయి కనుక్కోవచ్చు గదా పాణి గారూ!”

“కనుక్కుంటే తెలుస్తది గదా మేడం” అన్నాడు సారంగపాణి. అంతకంటే నిజమైన మాట ఆయన జన్మలో అనలేదు. తెలియనంతకాలం ఆ పిల్లవాడు సగం రోజులు బతికే ఉండేవాడు. పొద్దున లేచి ఎండ చూసినప్పుడు ఎక్కడో బతికే ఉంటాడులే అనిపించేది. సాయంత్రం రిజిస్టర్లో సంతకం పెట్టేటప్పుడు గోడ వెనక ఉన్నాడనిపించేది.

మేడం పాత అడ్మిషన్ రిజిస్టరు తెప్పించింది. దుమ్ము దులిపి వేలితో వరసలు వెతికింది. అరవై మూడు. రామ్‌సింగ్, తండ్రి హర్యా, టేకులపల్లి మండలంలో ఒక తండా. చివర ‘చదువు మానినాడు, టీసీ తండ్రికి ఇవ్వడమైనది’ అని ఉంది. ఆ ముక్కతో ఏం తేలుతుంది? కొడుకు ఇంట్లో ఉన్నా తండ్రే వస్తాడు, కొడుకు లేకపోయినా తండ్రే వస్తాడు.

“నేనిప్పుడే ఎవరికన్నా ఫోన్ చేసి అడుగుత” అని మేడం సెల్లు అందుకుంది.

“వద్దు మేడం. ఫోన్ల తెలుసుకునే సంగతి కాదు. నేనే పోత. నా కాళ్ళతోని పోత.”

ఆమె సెల్లు బల్ల మీద పెట్టింది. “సరే. సోమవారం నాలుగింటి దాకా ఆగుత. ఏ సంగతీ తెల్వకపోతే లారీలు వాపస్ పంపి గోడ పగలగొట్టిస్త, పోలీసులను పిలిపిస్త. మీ పింఛను ఏమైతదో నాకు తెల్వదు. ఇంకొకటి. ఏది తేలినా, పిల్లలందరి ముందల మీ నోటితోనే చెప్పాలె. తప్పు తప్పే.”

“అవ్ మేడం” అన్నాడు సారంగపాణి. తిట్టినందుకు ఆమె కాళ్ళకు దండం పెట్టాలనిపించింది.

మర్నాడు పొద్దున నాంచారమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. సారంగపాణి ఎదురుగా పీట వేసుకుని, ఎన్నడూ లేనిది తనూ నాలుగు కాయలు తుంచి, మొత్తం కక్కేశాడు. ఆమె చేతులు మొదట ఆగలేదు. సినిమా మాట వచ్చినప్పుడు ఆగిపోయాయి.

“నా కోసమా?” అంది. “నేను పూలు పెట్టుకొని నిలబడ్డదానికా?”

“నీదేం తప్పు లేదే.”

“నోర్ముయ్యి! ఇన్నేండ్లు నువ్వు పీనాసోనివి అనుకున్నగదయ్యా! సిన్మాకు పోదామంటే తలనొప్పి అంటవ్, టికెట్లు పిరం అంటవ్. నా చెల్లెండ్లందరి ముందల నిన్ను ఎన్ని మాటలన్న!” కళ్ళు కొంగుతో గట్టిగా తుడుచుకుంది. చిక్కుడుకాయల గిన్నె పక్కకు నెట్టి లేచింది. “పా, నేను గుడ వస్త.”

“నువ్వెందుకే?”

“ఆ తల్లి నిన్ను చెప్పుతోని కొడితే నడుమ ఎవలన్న ఉండాలె గదా.”

టీవీఎస్ ఎక్సెల్ మీద ఇద్దరూ బయల్దేరారు. టేకులపల్లి దాటాక రోడ్డు అడవిలోకి తిరిగింది. టేకు ఆకులు రాలి చెట్లు బోడిగా ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు సారంగపాణి బండి ఆపాడు. ఒకసారి ప్లగ్గు తుడవాలన్నాడు, ఇంకోసారి దాహమన్నాడు. మూడోసారి ఆపబోతే నాంచారమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది. “నువ్వు ఆపితే నేను దిగి నడిచిపోత” అంది. ఇక ఆపలేదు.

తండా మొదట్లోనే ఒక కల్లంలో మిర్చి ఆరబోసి ఉంది. ఎర్రటి ఎండ, దానికంటే ఎర్రటి మిర్చి. ఘాటుకు సారంగపాణికి దగ్గు ముంచుకొచ్చింది. మిర్చి మధ్య ఒక ముసలమ్మ కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. పాత పద్ధతి మనిషి. అద్దాల రవిక, చేతుల నిండా తెల్లగాజులు, తల మీంచి ముసుగు, ముసుగు అంచున కుట్టిన బిళ్ళలు.

“అమ్మా, రామ్‌సింగ్ ఇల్లు యాడ?” అని నాంచారమ్మే అడిగింది. సారంగపాణికి దగ్గు మిష చిక్కింది.

“కరెంటు రామ్‌సింగా? లైన్ మీదికి పోయిండు. మీ మోటరు కాలిందా?”

“కాదు కాదు, కరెంటాయన కాదు. మైనింగ్ కాలేజీల చదివిన పిల్లగాడు. హర్యా కొడుకు.”

ముసలమ్మ చెయ్యి నిలిచింది. “హర్యా నా పెనిమిటే. పోయి ఆరేండ్లాయె. నేను గోరిని. మీరెవలు?”

ఇక దగ్గి లాభం లేదు. సారంగపాణి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. ఎట్లా మొదలుపెట్టాలో తోచక తల దించుకున్నాడు. దించిన తలకు ఎదురుగా ఆమె ముసుగు అంచు వచ్చింది. పాత రూపాయి బిళ్ళలు, సత్తు బిళ్ళలు వరసగా ఉన్నాయి. వాటి మధ్య కొంచెం పెద్దది, ఇత్తడిది, చింతపండుతో తోమినట్టు ధగధగలాడుతోంది. పైన చిన్న రంధ్రం. రంధ్రం కింద అంకెలు. ఆరు, మూడు.

ఆ అంకెలు కొట్టింది ఆయనే. మూడు కొంచెం పక్కకు ఒరిగి ఉంటుంది, ఉలి జారింది ఆ రోజు. ఈ బిళ్ళ ఇక్కడ ఉందంటే జేబు బయటికొచ్చింది. జేబు బయటికొచ్చిందంటే మనిషి బయటికొచ్చాడు.

సారంగపాణి ఆరబోసిన మిర్చిలోనే కూలబడ్డాడు.

“అయ్యో, నా మిరపకాయలు!” అని అరిచింది గోరి. తర్వాత ముఖం చూసి, “ఏందమ్మా, మీ ఆయనకు ఫిట్సా?” అంది.

“లేదమ్మా” అంది నాంచారమ్మ. ఆమెకూ బిళ్ళ కనబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. “ఆ బిళ్ళ నీకెక్కడిదమ్మా?”

“ఇదా? మా పోరడు భూమిల నుంచి తప్పించుకొని వచ్చిన నాడు జేబుల ఇదొక్కటే ఉన్నది. పారేస్తనన్నడు. నేనే గుంజుకొని కుట్టుకున్న. నా కొడుకుతోని బయటికొచ్చిన బిళ్ళ గదా, పారేస్తనా?”

సరిగ్గా అప్పుడే మోటరుసైకిలు చప్పుడైంది. భుజాన తాడు, నడుముకు కటింగ్ ప్లేరు, నలభై నాలుగేళ్ళ మనిషి, కొంచెం పొట్ట కూడా. కల్లంలో కూలబడ్డ సారంగపాణిని చూసి బ్రేకు వేశాడు. ముఖంలో రంగు మారింది. కాళ్ళతో బండిని మెల్లగా వెనక్కి తోయసాగాడు.

“ఆగరా!” అని సారంగపాణి లేచి పరిగెత్తాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి అంత పరుగు ఎట్లా తీశాడో! కాలరు పట్టుకుని చెంప మీద ఒక్కటి పీకాడు. మరుక్షణం వాణ్ణి పొదివి పట్టుకుని, భుజాలు, చేతులు, నెత్తి తడిమి తడిమి చూసుకున్నాడు. “ఉన్నవ్ రా! బతికే ఉన్నవ్ రా నాయినా!”

“సార్, నేను దొంగతనం చెయ్యలే సార్” అన్నాడు రామ్‌సింగ్ బిక్కముఖంతో. “జేబుల ఉండిపోయింది. బిళ్ళ ఎత్తుకపోయినోనికి జైలే అని మొదటిరోజు మీరే అన్నరు గదా. ఆ భయానికే మీ కాలేజీ దిక్కు రాలే. ఆ లైన్ల డ్యూటీ పడ్డప్పుడల్ల ఇంకొకళ్ళతోని మార్చుకుంటున్న.”

చెప్పండి, ఇంతకంటే వింత ఉంటుందా! ఇరవై ఆరేళ్ళు వీణ్ణి తలచుకుని ఆయన వణికాడు, ఆయన్ని తలచుకుని వీడు వణికాడు.

గోరి మజ్జిగ తెచ్చింది. అందరూ పందిరి కింద కూర్చున్నాక రామ్‌సింగ్ చెప్పాడు. “లైట్లు ఆర్పి నూరు దాక లెక్కపెట్టమన్నరు గదా సార్. ఇరవై దాక పెట్టిన. తర్వాత నాకు అంకెలు యాదికి రాలే. గోడ పట్టుకొని, గాలి ఎటు పోతే అటు నడిచిన. నిచ్చెన చేతికి తగిలింది. ఎక్కితే అడవి. దీపం ఆడనే పడేసి ఉరికిన. మళ్ళ సదువు పేరెత్తితే ఒట్టు. అటెన్క కరెంటు పని నేర్చుకున్న. చీకటంటే నాకు ఇప్పటికీ పడదు.”

“మరి మీ నాయన గేటు కాడ ఏడ్సుకుంట కూసున్నడు గదరా! నేను చూసిన!”

గోరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఏడుపు గాదయ్యా, పన్ను నొప్పి! పెట్టె తెస్తనని పోయిండు, తొవ్వల దవడ వాసింది. బస్సు వచ్చేదాక తువ్వాల అదుముకొని కూసున్ననని వచ్చినంక నా మీదనే ఎగిరిండు.”

నాంచారమ్మ పకపకా నవ్వింది. సారంగపాణికి కూడా నవ్వొచ్చింది, నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాడు. ఒక ముసలాయన పన్ను నొప్పికి తను ఇరవై ఆరేళ్ళు కుమిలిపోయాడు. అయితే మాత్రం, ఆ పన్ను నొప్పి ఎంత చల్లని కబురు! అంతా తేలికపడ్డాక అసలు సంగతి చెప్పాడు. “బిడ్డా, నువ్వు ఎక్కిపోయిన ఆ కొమ్మ, ఆ రాత్రే కూలింది.”

రామ్‌సింగ్‌కు ఆ సంగతి తెలియదు. చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. గోరి ముసుగు అంచు పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది.

“నేను అబద్ధమాడిన కొడకా. బోర్డు నిండిందన్న. నువ్వు నిజంగ లోపలనే చిక్కుకొని ఉంటే, నిన్ను వెతికేటోడు ఎవ్వడూ లేకుంట చేసిన. నన్ను ఏమన్న అను.”

రామ్‌సింగ్ తలెత్తాడు. “నేను చెప్పకుంట ఉరికిన. మీరు చూడకుంట రాసిన్రు” అన్నాడు. “ఇప్పుడేం చేద్దాం సార్? బిళ్ళ ఇచ్చేస్త, తీసుకపోండ్రి.”

“కుదరదు” అన్నాడు సారంగపాణి. ముక్కు చీది, నిటారుగా కూర్చున్నాడు. గొంతులోకి పాత ల్యాంప్ రూం కరుకుదనం వచ్చేసింది. “ఎవని బిళ్ళ వాడే తగిలించాలె.”

సోమవారం మూడున్నరకు గుర్రాల కాలేజీ మొత్తం ల్యాంప్ రూం ముందు చేరింది. గేటు బయట ఇసుక లారీలు ఇంజన్లు ఆపుకుని నిలబడ్డాయి. సుజాత మేడం అన్నమాట ప్రకారం సారంగపాణి పిల్లల ముందు నిలబడి, ఒక్క ముక్క దాచకుండా, తలెత్తి చెప్పాడు. “మీరు మొక్కిన ఆ బిళ్ళ దేవుడు కాదు బిడ్డా. అది నా అబద్ధం. రేపు మీరు పెద్ద బాయిలకు ఆఫీసర్లయితరు. ఖాళీ కొక్కెం కనబడితే ఇంటికి పోకున్రి. ఆడ మీ పెండ్లాం పూలు పెట్టుకొని నిలబడ్డా సరే, పోకున్రి.” నాంచారమ్మ వెనక వరసలో తల దించుకుంది. పిల్లలు ఎవరూ నవ్వలేదు. అగరుబత్తి తిప్పిన కుర్రాళ్ళలో ఒకడైతే వెళ్ళి, అరవై మూడుకు వేలాడుతున్న ఎండిన బంతిపూలు తనే తీసేశాడు.

రామ్‌సింగ్ ఆ గది గడప దగ్గర ఆగిపోయాడు. పాత కొట్టం, మూలల్లో మసక. నుదుటన చెమట పట్టింది. పైన ట్యూబ్‌లైటు ఒకటి కొట్టుకుంటుంటే చూసి, “ఆగున్రి సార్” అని స్టూలెక్కి, స్టార్టరు సరిచేశాడు. గది వెలిగింది. అప్పుడు లోపలికి నడిచాడు. గోరి పళ్ళతో దారం తెంపి, ముసుగు అంచు నుంచి బిళ్ళ తీసి కొడుకు చేతిలో పెట్టింది. “బాయి మూసినంక మళ్ళ నాది నాకియ్యాలె” అని మేడం వైపు తిరిగి గట్టిగా చెప్పింది. మేడం సరేనంది.

సారంగపాణి అరవై మూడో కొక్కెం నుంచి నున్నటి బిళ్ళ తీసి జేబులో వేసుకున్నాడు. పక్కకు జరగలేదు. ఆయన అడగాల్సింది ఒకటుంది.

“బయటికొచ్చినవా?”

“వచ్చిన సార్” అన్నాడు రామ్‌సింగ్. బిళ్ళ కొక్కేనికి తగిలి టింగుమంది.

సారంగపాణి ఒకటో కొక్కెం నుంచి నూట ఇరవై దాకా వేలు పెట్టి లెక్కించాడు. ఒక్కటి కూడా వదలలేదు. తర్వాత బల్ల దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, ‘లోపల మనుషులెవరూ లేరు’ అన్న ముక్కను పైకి చదివి, సంతకం పెట్టాడు. ఈసారి పెన్ను మూత ఒక్కసారే తీశాడు. లారీలు లోపలికి కదిలాయి.

జనం అంతా గుట్ట వైపు నడిచారు. ఆయన మాత్రం బోర్డు ముందే నిలబడిపోయాడు. వెనక నుంచి నాంచారమ్మ వచ్చింది. ఆమె తల్లో మల్లెపూలున్నాయని ఆయన అప్పుడే చూశాడు.

“ఏమయ్యా, మరి నువ్వు? బయటికొచ్చినవా?” అంది.

జవాబు చెప్పందే ఆమె కూడా పక్కకు జరిగేలా లేదు.

“వచ్చిన నాంచారీ” అన్నాడు సారంగపాణి. “ఇప్పుడే వచ్చిన.”

“అయితే జల్దీ నడువు. ఫస్ట్ షో ఆరున్నరకే.”